కార్డులతో సుడోకు నిరూపణ: నా పద్ధతిలోని లోపాన్ని సరిచేసుకున్న విధం

సుడోకు పరిష్కారం నా దగ్గర ఉందని, అందులోని ఒక్క అంకెనూ బయటపెట్టకుండా, కార్డులతో మిత్రుడికి నిరూపించాలనుకున్నాను. 2007లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు గ్రాడ్‌వోల్, నావోర్, పింకస్, రోత్‌బ్లమ్ వివరించిన పద్ధతిలో ప్రతి గడిలోనూ దాని అంకె ఉన్న మూడు కార్డులను బోర్లా పెట్టాలి. ముందే ఇచ్చిన గడుల్లో మాత్రం అవి అంకె కనిపించేలా ఉంటాయి. ఈ 243 కార్డులను అడ్డువరుసకు, నిలువువరుసకు, 3×3 పెట్టెకు గడికొకటి చొప్పున తీసి 27 కట్టలు చేసి, ఒక్కో కట్టను కలిపి తెరిస్తే 1 నుంచి 9 వరకు అన్ని అంకెలూ కనిపించాలి.

ఏ కార్డు ఏ కట్టలోకి వెళ్లాలో నేనే నిర్ణయించడం నా పొరపాటు. అలా చేస్తే పరిష్కారమే లేని పజిల్‌ను సైతం నిరూపించినట్టు చూపవచ్చు: ఒకే గడిలో అడ్డువరుస కోసం 5, నిలువువరుస కోసం 7, పెట్టె కోసం 2 పెట్టినా కట్టలన్నీ సరిపోతాయి, ఎందుకంటే ఆ మూడు కార్డులూ ఒకటేనా అని ఎక్కడా తనిఖీ జరగదు. ఇది గమనించినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది, మిత్రుడు అప్పటికే నమ్మేశాడు మరి.

అందుకే మళ్లీ కార్డులు పరిచి, ఆ ఎంపికను అతనికే అప్పగించాను. ప్రతి గడిలోని మూడు కార్డులనూ అతను తిప్పి చూడకుండా, యాదృచ్ఛికంగా మూడు కట్టల్లోకి పంచాడు; కట్టలను అతని కళ్లెదుటే నేను కలిపాను. ఇప్పుడు మోసం దొరకకుండా తప్పించుకునే సంభావ్యత 1/9కి మించదు, కార్డులను కొత్తగా పరిచి ఇంకోసారి చేస్తే 1/81కి మించదు.