సినిమా యాప్‌లో కొనాలా, డిస్కు వచ్చేదాకా ఆగాలా?

కోనసీమలో తాటిపాక సెంటర్లో నాకు సీడీల షాపు ఉండేది. ఇప్పుడు అదే గదిలో రీఛార్జులు, జిరాక్సు. అయినా పాత కస్టమర్లు వచ్చి అడిగేది సినిమాల సంగతే. "ఫోన్లో కొనేయమంటారా, డిస్కు వచ్చేదాకా ఆగమంటారా?"

ఆ సినిమా మళ్లీ చూస్తారా అని ముందు అడుగుతాను. ఒక్కసారికైతే కొనడం ఎందుకండీ? యూట్యూబ్‌లోనో ప్రైమ్ వీడియోలోనో అద్దెకు దొరికితే తీసుకోండి. డబ్బు కట్టాక మొదలుపెట్టడానికి 30 రోజులు, ప్లే నొక్కాక పూర్తి చేయడానికి మామూలుగా 48 గంటలు ఇస్తారు. మేమైతే ఒక్క రాత్రికే ఇచ్చేవాళ్లం, పొద్దున్నే తేకపోతే ఇంకో రోజు అద్దె. పాత తెలుగు సినిమాకు అద్దె కూడా దండగే. హక్కులున్న కంపెనీలే చాలా సినిమాలను యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాయి, ముందు అక్కడ వెతకండి.

కొత్త తెలుగు సినిమాకు డిస్కు వస్తుందని ఆగితే ఆగుతూనే ఉంటారు. మోసర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34కి అమ్మిన రోజులు పోయాయి, ఆ కంపెనీయే మూతపడింది. ఇప్పుడు ఓటీటీకి వెళ్లిన సినిమా డిస్కుగా రావడం అరుదు. కంపెనీ ప్రకటించిందంటేనే ఆగండి.

ఇంగ్లీషు సినిమాల విషయంలో మాత్రం ఆగడానికి అర్థం ఉంది. బ్లూరే అంటే డీవీడీ తర్వాత వచ్చిన హెచ్‌డీ డిస్కు, రెండు పొరలదైతే 50 జీబీ పడుతుంది. యాప్‌లో దింపుకున్న హెచ్‌డీ సినిమా మామూలుగా నాలుగైదు జీబీ, అంటే బొమ్మను బాగా కుదించారన్నమాట. ఫోన్లో తేడా తెలియదు. పెద్ద టీవీలో చీకటి సీనో వాన సీనో పెట్టి చూడండి, బొమ్మ గళ్లుగళ్లుగా విరగడం కనిపిస్తుంది. అయితే డిస్కు విదేశాల నుంచి తెప్పిస్తుంటే రీజియన్ చూసుకోవాలి, అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు. డీవీడీకి మనది 5, అమెరికాది 1. బ్లూరేకి మనది సి, అమెరికాది ఎ. క్రైటీరియన్ అనే అమెరికా డిస్కుల కంపెనీ వాళ్లు సత్యజిత్ రాయ్ సినిమాలను అమెరికాలో బ్లూరేగా వేశారు, అవి ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్లో ఆడవు. హెచ్‌డీ కన్నా స్పష్టంగా ఉండే 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఈ గొడవ లేదు గానీ, వాటి ప్లేయర్ వేరు.

యాప్‌లో కొనేటప్పుడు తెలియాల్సిందేమిటంటే, మీ చేతికొచ్చేది సినిమా కాదు, చూసుకునే అనుమతి. ఈ మాట కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టమే ఉంది. దింపుకున్న ఫైలు ఆ యాప్‌లోనే ఆడుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసి బావగారికి ఇద్దామంటే కుదరదు. యాపిల్‌లో 4కె అని కొన్నా దింపుకున్నప్పుడు వచ్చేది హెచ్‌డీయే. డబ్బు కట్టేముందు ఆడియో ఏ భాషో చూడండి, తెలుగు అనుకుని హిందీది కొనేవాళ్లు ఎక్కువ. రోజుకు రెండు జీబీ ప్లాన్ ఉన్నవాళ్లు వైఫై ఉన్నచోటే దింపుకోవాలి.

మన కోనసీమ వాళ్లకు ఇంకో చిక్కుంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండగా అక్కడి అకౌంట్‌తో కొంటారు, తిరిగొచ్చాక అకౌంట్ దేశం ఇండియాకి మారుస్తారు. అప్పుడు పాతవి కొన్ని మళ్లీ దింపుకోవడానికి కనిపించకపోవచ్చు. మార్చకముందే దింపిపెట్టుకోండి. నెట్ లేని రోజులకూ అదే పనికొస్తుంది. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు ఇక్కడ ఇంటర్నెట్ ఆపేశారు కదా, యాప్‌లో కొన్నా దింపుకోనివాళ్లకు ఆ సినిమాలు ఉన్నా లేనట్టే అయింది.

నా మటుకు పిల్లలు పదేపదే అడిగే సినిమా యాప్‌లో కొంటాను, అదీ ధర తగ్గినప్పుడే. ప్రాణమైన సినిమాకైతే డిస్కే. కాకపోతే మన గాలిలో తేమకు డిస్కును కనిపెట్టుకుని ఉండాలి. వానాకాలంలో డబ్బా తెరవకుండా వదిలేస్తే కొబ్బరి చిప్పలో పట్టినట్టు తెల్లగా బూజు పడుతుంది. మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు. బూజు మొండిదైతే గుడ్డను మంచినీళ్లలో కొంచెం తడపండి, పెట్రోలు జోలికి మాత్రం పోకండి. డబ్బాలు బీరువాలో నిలబెట్టి ఉంచాలి. వీసీడీలకైతే బొమ్మ ఉన్న వైపు గీత పడటమే ఎక్కువ ప్రమాదం, మెరిసే పొర ఆ రంగు కిందే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ డిస్కు కొనేటప్పుడు ట్యూబులైటుకు ఎదురుగా పెట్టి చూడండి. సూదిబెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే వద్దు. తర్వాత ప్లేయర్లో పెట్టించండి. మొదటి పాట ఆడిందని డబ్బులివ్వకండి. ప్లేయర్ డిస్కును లోపలి నుంచి బయటికి చదువుతుంది, వేళ్లు తగిలి పాడయ్యేది అంచు. ఒక పొర డిస్కు నిండా సినిమా ఉంటే ఆ అంచులో ఉండేది క్లైమాక్సే. రెండు పొరల డీవీడీలో మొదటి పొర అంచుదాకా వెళ్లి, రెండోది వెనక్కి వస్తుంది, కాబట్టి ఇంటర్వెల్ అటూఇటూ చూడాలి. ఒక పొరదో రెండు పొరలదో తెలియకపోతే రెండు చోట్లా ఆడించమనండి. అమ్మేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.