ఇంటి పోర్టికోలో కారుకు రంగు – నాలుగో పాఠం: ప్రైమర్ కొట్టడం, బ్లాకు పట్టడం

పోయిన పాఠం ముగిసేసరికి మన మారుతి 800 కుడి తలుపు మీద లప్పం, అంటే సొట్టలు నింపే ముద్ద, ఆరింది. 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 180 దాకా రుద్దాం. లప్పం అంచు ఎక్కడుందో వేలికి తెలియడం లేదు. ఇక తెలుపు కొట్టేద్దామని చేతులు ఉబలాటపడతాయి. ఆగండి. సొంతంగా రంగు వేసుకున్న కార్లు చాలావరకు చెడేది సరిగ్గా ఇక్కడే.

కారణం చెబుతాను. 180 కాగితం వదిలిన గీతలు మనకు కనబడవు గానీ రంగు ఆరి కుంచించుకునేటప్పుడు వాటిలోకి దిగుతుంది. రెండు వారాలకు ఆ గీతలన్నీ పైకి తేలతాయి. లప్పం ఉన్నచోట రంగును పీల్చుకుంటుంది, పాత పెయింటు ఉన్నచోట పీల్చదు. అందుకే లప్పం పెట్టిన మేర మచ్చలా తెలుస్తుంది. పైగా ఇప్పుడు తలుపుకు మెరుపు లేదు కాబట్టి ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. మెరుపు వచ్చాక ఎదురింటి కరెంటు తీగ ఆ తలుపులో వంకరపోతుంది. నా మొదటి కారుకు అలాగే అయింది. మధ్యాహ్నం ఎండలో చూసి సంతోషపడ్డాను. రాత్రి పోర్టికోలో ట్యూబులైటు వేస్తే తలుపు మధ్యలో ఆ వెలుతురు గీత పాములా మెలికలు తిరిగింది. వేసిన రంగంతా గీకి మళ్లీ మొదలుపెట్టాను.

ప్రైమర్ సర్ఫేసర్ పని ఈ గీతల్ని నింపడం, పీల్చుకునే గుణం అంతటా ఒకేలా చేయడం, మనం రుద్ది చదును చేసుకోవడానికి కాస్త మందం ఇవ్వడం. ఇందులో ఇంకో మేలు కూడా ఉంది. పెయింటు చల్లే గన్ను పట్టడం మీకు కొత్త. ఈ పొరలో మీరు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం రేపు కాగితం కింద పోతాయి. రంగులో చేసే తప్పు అలా పోదు. కాబట్టి చెయ్యి తిరగాల్సింది ఈ రోజే.

మొదటి పాఠంలో చెప్పిన ఒక మాట మళ్లీ చెప్పక తప్పదు. షాపువాళ్లు 2కె ప్రైమర్ తీసుకోమంటారు. గట్టిదనంలో, కుంచించుకోకపోవడంలో అదే మేలు, కాదనను. కానీ దానిలో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి ఊపిరితిత్తులకు అవి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం పట్టుకుంటుంది. బయటినుంచి గొట్టంతో మంచిగాలి అందించే మాస్కు, గాలిని లాగి వడకట్టి పంపే గది ఉన్న షాపుల్లో వాడాల్సిన సరుకు అది. పక్క గోడకు అవతల పిల్లలు ఆడుకునే పోర్టికోలో వద్దు. మనం ఎన్.సి., అంటే నైట్రోసెల్యులోజ్ సరుకుతోనే పోతున్నాం. ఊళ్లో డ్యూకో పెయింటు అంటారే, అదే జాతి. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పెట్టిన పేరు వందేళ్ల తర్వాత కూడా మన పెయింటర్ల నోట బతికే ఉంది. దీనికీ ఘాటు తక్కువేం కాదు. గుడ్డ మాస్కు, ఎన్-95 దుమ్మును ఆపుతాయి గానీ థిన్నర్ ఆవిరిని ఆపలేవు. రెండు పక్కలా బొగ్గు కార్ట్రిడ్జిలున్న మాస్కే పెట్టుకోండి. గడ్డం ఉంటే అది ముఖానికి అతుక్కోదు, లోపలికి గాలి దూరుతుంది.

థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. పోర్టికో మూలన ఇన్వర్టరు ఉంటే ఆపేయండి. తులసికోట దగ్గర దీపం వెలుగుతుంటే అది కొండెక్కి చల్లారేదాకా డబ్బా మూత కూడా తీయవద్దు. కంప్రెసర్‌ను గొట్టం అందినంత దూరంలో, గాలి వచ్చే వైపు పెట్టండి. థిన్నర్‌లో తడిసిన గుడ్డల్ని కుప్పగా వేయకుండా బయట విడివిడిగా ఆరేయండి.

ఇక వాతావరణం. రాజమండ్రిలో ఉండేవాణ్ని కాబట్టి ఈ సంగతి నాకు బాగా అనుభవం. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకు మీది వేడిని లాక్కుంటుంది. రేకు చల్లబడి, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ తేమ తడి పెయింటు మీదే దిగుతుంది. రంగులో అయితే అది పాలపొరలా తెల్లబారి వెంటనే తెలుస్తుంది. ప్రైమర్‌లో ఏమీ తెలియదు. తేమ లోపలే దాక్కుని, పైన రంగు వేసి ఎండలో నిలబెట్టిన రోజున చిన్న చిన్న బొబ్బలుగా లేస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో వాన వెలిసిన సాయంత్రాన్ని నమ్మకండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు పూర్తిగా విడిచాక పదింటినుంచి మూడింటిదాకా మంచి సమయం. ఏప్రిల్, మే నెలల్లో దీనికి వ్యతిరేకమైన చిక్కు. రేకు కాలి ఉంటే పెయింటు దాన్ని చేరేలోపే ఎండి ఇసుకలా అంటుకుంటుంది. చేతి వెనక భాగం తలుపుకు ఆనించి చూడండి, చురుక్కుమంటే నీడలో చల్లారనివ్వండి.

తలుపు చుట్టూ మాస్కింగ్ వేయడానికి న్యూస్‌పేపరు వద్దు. థిన్నర్ దానిలోంచి ఇంకుతుంది, నూగు రాలుతుంది. పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ కాగితం చాలు. లప్పం పెట్టిన మేరకే కాక చుట్టూ ఓ జానెడు అదనంగా పాత పెయింటును 320తో గరుకు చేయండి, ప్రైమర్ అక్కడిదాకా పోతుంది. తర్వాత దుమ్ము ఊది, గ్రీజు తీసే ద్రావకం ఒక గుడ్డతో రాసి, ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవండి. డాష్‌బోర్డు పాలిష్, టైరు పాలిష్‌లో ఉండే సిలికాన్ చుక్క మిగిలినా పెయింటు అక్కడ నిలవక గుంటలు గుంటలుగా చీలుతుంది. పెయింటర్లు వాటిని చేపకళ్లు అంటారు. తుడిచాక తలుపును ఉత్త చేత్తో తాకకండి. చేతికి కొబ్బరినూనె ఉంటే మరీ చేటు. కొట్టబోయే ముందు వాకిట కళ్లాపి చల్లినట్టు నేలంతా తడపండి, దుమ్ము లేవదు.

గన్నుకు 1.8 మిల్లీమీటర్ల నాజిల్ పెట్టండి. రంగుకు వాడే 1.3, 1.4 నాజిళ్లలో ప్రైమర్ సరిగా నడవదు. కలిపే పాళ్లకు డబ్బా మీద రాసిందే ప్రమాణం. ఎన్.సి. సర్ఫేసర్‌కు మామూలుగా సమపాళ్ల దగ్గర థిన్నర్ పడుతుంది. గన్ను కడగడానికి అమ్మే చవక థిన్నర్‌ను ఇందులో కలపకండి. పాత గుడ్డలో వడకట్టకుండా పెయింట్ జల్లెడలోనే వడకట్టండి. కంప్రెసర్ ట్యాంకు అడుగు మర తిప్పి నీళ్లు వదిలేయండి. మన తేమకు గంటలోనే మళ్లీ చేరతాయి, నడుమ ఒకసారి చూసుకోండి. ట్రిగ్గరు నొక్కి ఉంచినప్పుడు గాలి ఒత్తిడి చూపే ముల్లు 30 పి.ఎస్.ఐ. దగ్గర నిలవాలి. వదిలినప్పుడు చూపే అంకె లెక్కలోకి రాదు.

ఇప్పుడు కారు దగ్గరికి కాదు, పాత బీరువా తలుపు దగ్గరికి. పాతసామాన్ల కొట్లో దొరుకుతుంది. దాన్ని నిలువుగా గోడకు ఆనించండి. పడుకోబెట్టి నేర్చుకుంటే పెయింటు కారడం అంటే ఏమిటో తెలియదు. గన్నుకూ రేకుకూ మధ్య దూరం జానెడుకు రెండు వేళ్లు తక్కువ, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు. గన్ను రేకుకు ఎప్పుడూ నేరుగా చూడాలి. కొత్తవాళ్లు మణికట్టు తిప్పుతారు, గన్ను విల్లులా తిరిగి మధ్యలో దట్టంగా, చివర్లలో పలచగా పడుతుంది. మణికట్టు బిగబట్టి భుజం నుంచి కదలండి, అవసరమైతే ఒక అడుగు పక్కకు వేయండి. అంచుకు ముందే గాలి మొదలుపెట్టి, అంచు దాటాక ట్రిగ్గరు వదలండి. రెండో వరుస మొదటి వరుసను సగం కప్పాలి. గన్ను కింది అంచును చూడకండి, తడిగా పడుతున్న చారను చూడండి. గరుకుగా కనిపిస్తే చెయ్యి వేగం ఎక్కువ, నీళ్లలా నిగనిగలాడి బరువుగా ఉంటే నెమ్మది ఎక్కువ. బీరువా తలుపు మీద వరసగా మూడుసార్లు కారకుండా వచ్చాకే కారు ముట్టుకోండి. నాకు దానికి రెండు ఆదివారాలు పట్టింది.

కారు తలుపు మీద మొదటి పొర పలచగా, కింద లప్పం కనబడుతుండగానే ఆపండి. పది నిమిషాలు ఆగి, తడి మెరుపు పూర్తిగా చచ్చాక రెండోది నిండుగా వేయండి. అలాగే మూడోది. లప్పం మేర మీద మాత్రం నాలుగోది. మొదటి మూడింటిలో ఒక్కో పొర చుట్టుకొలత ముందుదానికంటే కొంచెం పెద్దది చేస్తూ పొండి, అంచు మెట్టులా లేవదు. తొందరపడి పొర మీద పొర వేస్తే థిన్నర్ లోపల చిక్కుకుంటుంది. పైన ఆరినట్టే ఉండి నెల తర్వాత కుంగుతుంది. రాత్రంతా వదిలేయండి. వీలైతే రెండు రోజులు.

మర్నాడు మొదలయ్యేది ఈ పాఠానికి గుండెకాయ లాంటి పని. నల్ల ఎన్.సి. రంగు నాలుగు చెంచాలు తీసుకుని బాగా పలచన చేసి, గన్నును రెండు మూరల దూరంలో పట్టుకుని ప్రైమర్ మీద మిరియాల పొడి చల్లినట్టు చల్లండి. నలుపు కప్పకూడదు, చుక్కలుగా పడాలి. దీన్నే గైడ్ కోటు అంటారు. పావుగంట ఆరాక అడుగు పొడవున్న చదునైన చెక్కకు (బ్లాకు అనేది దీన్నే) 320 నంబరు కాగితం చుట్టి, పొడిగా రుద్దండి. వేళ్లతో కాగితం పట్టుకుని రుద్దితే వేలి వెడల్పున కాలువలు పడతాయి, చెక్క తప్పనిసరి. ఒకే దిశలో కాకుండా ఒక మూలనుంచి ఇంకో మూలకు ఏటవాలుగా, తర్వాత దానికి అడ్డంగా. బలం పెట్టకండి, చెక్క బరువు చాలు. తలుపు పైభాగంలో వంపు ఉన్నచోట చెక్క ఆనదు. అక్కడ షెడ్లలో అందరూ వాడేది అరిగిన హవాయి చెప్పు ముక్క, దానికి మించింది నేనూ చూడలేదు. తలుపు పొడవునా పోయే మడత గీత మీద టేపు అంటించి, పైన ఒకసారి, కింద ఒకసారి విడిగా రుద్దండి. ఆ గీత మొద్దుబారితే ఇక కారు ముఖమే మారిపోతుంది.

ఇప్పుడు తలుపు మీకు చెప్పడం మొదలుపెడుతుంది. చుట్టూ నలుపు పోయి ఒకచోట మాత్రం నల్లగా మిగిలితే అది పల్లం. నలుపు అన్నిచోట్లకంటే ముందు పోయి, ప్రైమరూ పోయి, కింద లప్పమో రేకో తేలితే అది మిట్ట. పల్లంలో నలుపు పోగొట్టాలని అక్కడే రుద్దవద్దు, పల్లం ఇంకా లోతవుతుంది. గోరు మందం కూడా లేని పల్లమైతే ఎన్.సి. పుట్టీ పలచగా లాగి, ఆరాక మళ్లీ ప్రైమర్ కొట్టండి. అంతకు మించితే ఆ పుట్టీ పనికిరాదు, కుంగి పగులుతుంది. వెనక్కి వెళ్లి లప్పమే పెట్టాలి. మిట్ట తేలిందంటే తప్పు డెంటు తీసినప్పటిదే. చిన్న సుత్తితో మెల్లగా దించి, చుట్టూ నింపాలి. రేకు బయటపడ్డ చోట అదే రోజు ప్రైమర్ పడాలి. మన గాలికి రాత్రి గడిస్తే ఎర్రబారుతుంది.

మా వీధి చివర టింకరింగ్ షెడ్డులో ఒక పెద్ద మేస్త్రి ఉండేవారు. తలుపు మీద పలుచటి నూలు గుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుని జరిపేవారు. "వేళ్లు కాదు బాబూ, అరచెయ్యి మొత్తం ఆనించు" అని నా చెయ్యి పట్టి జరిపించారు. గుడ్డ జారుడు వల్ల చర్మం రేకుకు పట్టేయదు, కంటికి ఆనని వంపు కూడా తెలుస్తుంది. ఈ పని రోజూ చేస్తే వారంలో చేతికి పట్టుబడుతుంది.

నలుపు అంతటా ఒకేసారి పోయేదాకా గైడ్ కోటు, చెక్క, మళ్లీ గైడ్ కోటు. మొదటి తలుపుకు మూడు విడతలు పడితే కంగారుపడకండి. ఆ తర్వాత 600 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి తేలిగ్గా రుద్దండి. షెడ్లలో మొదటినుంచీ నీళ్లు పోసే రుద్దుతారు, దుమ్ము లేవదని. నేను దానికి ఒప్పుకోను. లప్పం బయటపడితే స్పాంజిలా నీళ్లు తాగుతుంది, ఎన్.సి. ప్రైమరూ కొంత తాగుతుంది. అందుకే నీళ్ల పని చివర్లో, తక్కువగా. అయ్యాక ఎండలో రెండు మూడు గంటలు ఆరనివ్వండి.

చివరి పరీక్షకు చీకటి పడనివ్వండి. తలుపును తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆ తడి ఆరేలోపు ట్యూబులైటు వెలుతురు దాని మీద ఏటవాలుగా పడేలా కిందికి వంగి చూడండి. ఆ వెలుతురు గీత తలుపు ఈ చివరనుంచి ఆ చివరదాకా తిన్నగా సాగితే రంగుకు సిద్ధం. ఎక్కడైనా సన్నబడినా, ఉబ్బినా అక్కడ పెన్సిలుతో చుట్టి రేపు మళ్లీ చెక్క పట్టండి.

వచ్చే పాఠంలో తెలుపు. ఈలోగా బానెట్ లోపల పెయింటు కోడ్ ఉన్న పలక వెతికి, అంకెలు రాసి పెట్టుకోండి. మా కారుకు 26యు. తెలుపు అంటే ఒకటే అనుకుని కొట్టు వాడు ఇచ్చింది తెచ్చుకుంటే తలుపు ఒక తెలుపు, ఫెండరు ఒక తెలుపు అవుతాయి. బీరువా తలుపును మాత్రం పారేయకండి, దానితో ఇంకా పని ఉంది.