అయస్కాంత క్షేత్రాన్ని సీసాలో చూడండి

కాగితంపై చల్లిన ఇనుప రజను అయస్కాంత క్షేత్రాన్ని, అంటే అయస్కాంతం చుట్టూ దాని ప్రభావం ఉండే ప్రాంతాన్ని, ఒక తలంలోనే చూపుతుంది కనుక, దాని నిజమైన ఆకృతిని చూడాలంటే పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ సీసాలో గ్లిజరిన్ గానీ బేబీ ఆయిల్ గానీ దాదాపు నిండుగా పోసి, అందులో చిటికెడు రజను వేసి, మూత బిగించి బాగా కుదపండి. వెంటనే బలమైన అయస్కాంతాన్ని సీసాకు బయటి నుంచి ఆనిస్తే, ప్రతి రేణువూ తాత్కాలికంగా చిన్న అయస్కాంతమై, పక్కదానితో కొసకు కొస కలిసి బలరేఖల (క్షేత్రం దిశను చూపే ఊహా రేఖల) వెంట బారులు తీరుతుంది. ధ్రువాల దగ్గర ఈ బారులు మరీ ఒత్తుగా కనిపిస్తాయి. నీటిలో రజను త్వరగా అడుగుకు చేరడమే కాక తుప్పు పడుతుంది, అందువల్ల చిక్కని ద్రవమే మేలు. రజను తక్కువగా వేయడమే మంచిది, ఎక్కువైతే ద్రవమంతా నల్లబడి ఏమీ కనిపించదు. అయస్కాంతాన్ని మాత్రం ఎన్నడూ నేరుగా రజనులో ముంచకండి, అంటుకున్నది వదిలించడం పెద్ద తలనొప్పి.