శాంతి అధ్యయనాల్లో విదేశీ పీజీ: తిరుపతి, చిత్తూరు నుంచి రోటరీ స్కాలర్‌షిప్‌కు ఎలా అప్లై చేయాలి?

శాంతి, సంఘర్షణ అధ్యయనాల్లో పీజీ చేయాలని ఉన్నా, బ్యాంకు లోను తప్ప వేరే దారి లేదనుకుని ఆగిపోయేవాళ్లు ఒక్కసారి తమ ఊరి రోటరీ క్లబ్బు వైపు చూడాలి. రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంట్ల కింద ఇచ్చే స్కాలర్‌షిప్ ఇలాంటి చదువుకు సరిపోతుంది. రోటరీ ఎంచుకున్న ఏడు రంగాల్లో శాంతి స్థాపన, సంఘర్షణ నివారణ ఒకటి. అయితే దీనికి మీరే ఆన్‌లైన్‌లో ఫారం నింపి పంపడం కుదరదు. మీ ఊరి క్లబ్బు మిమ్మల్ని ప్రతిపాదించాలి, మీరు చదవబోయే ఊరి క్లబ్బు మిమ్మల్ని చూసుకుంటామని ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఆ రెండూ కలిసి దరఖాస్తు పెడతాయి. మధ్యలో ఏ ఏజెంటుకూ పని లేదు. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే ఆపేయండి.

సెప్టెంబరులో క్లాసులు మొదలయ్యే కోర్సుకు, అంతకుముందు ఏడాది ఆగస్టులోనే పని మొదలుపెట్టాలి. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. సీటు వచ్చాక, ఏ మే నెలలోనో క్లబ్బుకు వెళ్తారు. అప్పటికి ఆ ఏడాది నిధులు కేటాయించేసి ఉంటారు.

ముందు అర్హత చూసుకోండి

రోటరీ సభ్యులకు, వాళ్ల భార్యాభర్తలకు, పిల్లలకు, మనవళ్లు మనవరాళ్లకు, తల్లిదండ్రులకు ఇది రాదు. దత్తత పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. సభ్యత్వం వదులుకున్నా మూడేళ్ల దాకా ఈ నిషేధం ఉంటుంది. "మా నాన్న రోటరీలోనే ఉన్నారు, తేలిగ్గా వస్తుంది" అనుకునే పిల్లలు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. చదువు పీజీ స్థాయిలోనో, పరిశోధన స్థాయిలోనో ఉండాలి, సొంత దేశంలో కాకుండా వేరే దేశంలో చేయాలి. ఒకటి నుంచి నాలుగు విద్యా సంవత్సరాల వరకు ఇస్తారు.

కోర్సు ఎంపికలో పెద్ద గొయ్యి

శాంతి అధ్యయనాలు అనగానే గూగుల్ ముందుగా చూపించే పేర్లు ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్, స్వీడన్‌లోని ఉప్సల, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్. మూడూ మంచి యూనివర్సిటీలే. కానీ మూడూ రోటరీ శాంతి కేంద్రాలకు భాగస్వాములు. ఆ కేంద్రాల్లో రోటరీ పీస్ ఫెలోలు (రోటరీ వేరే ఫెలోషిప్‌తో చదివించే విద్యార్థులు) చదివే కోర్సుకో, దానిని పోలిన కోర్సుకో గ్లోబల్ గ్రాంట్ ఇవ్వరు. ఆరు నెలలు కష్టపడ్డాక ఈ సంగతి తెలిస్తే ఏడాది పోయినట్టే. అక్కడే చదవాలని ఉంటే రోటరీ పీస్ ఫెలోషిప్ అనే వేరే దారి ఉంది. మాస్టర్స్ చేయాలంటే డిగ్రీ తర్వాత కనీసం మూడేళ్ల ఫుల్‌టైమ్ ఉద్యోగ అనుభవం ఉండాలి. దానికి మీరే నేరుగా దరఖాస్తు పెట్టుకుంటారు, గడువు సాధారణంగా మే 15.

గ్లోబల్ గ్రాంట్ కోసం అయితే ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీ, నార్వేలో ట్రామ్సో యూనివర్సిటీ శాంతి అధ్యయన కేంద్రం, న్యూజిలాండ్‌లో ఒటాగో లాంటివి చూడండి. బెల్‌ఫాస్ట్‌కు ఒక ప్రత్యేకత ఉంది. 1998 గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందంతో హింస చాలావరకు ఆగిన ఊరది, పాఠంలో చదివిన సంధిని వీధిలో చూడొచ్చు. నార్వేలో ఒకప్పుడు ఫీజు లేదు. 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థులు ఫీజు కట్టాలి, పాత సమాచారం నమ్మి బడ్జెట్ వేయకండి.

కోర్సు పేరులో శాంతి అన్న మాట ఉన్నంత మాత్రాన చాలదు. మీరు ఇప్పటిదాకా చేసిన పని, చదవబోయే సబ్జెక్టులు, తర్వాత చేయబోయే ఉద్యోగం మూడూ ఒకే దారిలో ఉన్నాయా అని ఫౌండేషన్ చూస్తుంది. మామూలు ఇంటర్నేషనల్ రిలేషన్స్ కోర్సు అయితే, అందులో సంఘర్షణ పరిష్కారానికి సంబంధించిన పేపర్లు ఏవో సిలబస్‌తో సహా చూపించాలి.

క్లబ్బును ఎలా కలవాలి

తిరుపతిలో, చిత్తూరులో రోటరీ క్లబ్బులు క్రమం తప్పకుండా కూర్చుంటాయి. ముందు కార్యదర్శికి ఫోన్ చేసి, సమావేశానికి రావచ్చా అని అడగండి. మొదటి రోజే డబ్బు మాట ఎత్తకండి. ఒక పేజీ నోట్ పట్టుకెళ్లండి. అందులో కోర్సు, యూనివర్సిటీ, మొదలయ్యే తేదీ, మొత్తం ఖర్చు, తిరిగొచ్చాక ఏం చేస్తారన్నది ఉండాలి. అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఈ ఏడాది మీ క్లబ్బు గ్రాంట్లకు అర్హత పొందిందా? జిల్లా ఫౌండేషన్ కమిటీ ఛైర్మన్ ఎవరు? క్లబ్బు ప్రతినిధి గ్రాంట్ల శిక్షణకు హాజరై, క్లబ్బు ఒప్పంద పత్రం మీద సంతకం చేసి ఉంటేనే ఆ అర్హత వస్తుంది. ఈ క్లబ్బుకు లేకపోతే నొచ్చుకోకుండా పక్క క్లబ్బును అడగండి. రోటరీ జిల్లా అంటే మన రెవెన్యూ జిల్లా కాదు, చాలా పెద్దది. క్లబ్బు సరేనన్నాక జిల్లా స్థాయిలోనూ ఇంటర్వ్యూకు సిద్ధంగా ఉండాలి.

చదవబోయే ఊరి క్లబ్బును వెతకడంలో మన క్లబ్బు సాయం చేస్తుంది, కానీ మెయిల్ ముసాయిదా మీరే రాసి ఇస్తే పని త్వరగా కదులుతుంది. మన రోటరీ జిల్లా ఎంత పెట్టడానికి సిద్ధంగా ఉందో మొదటి పేరాలోనే చెప్పండి. ఆ అంకె లేని మెయిల్‌ను అవతలివాళ్లు పక్కన పెట్టేస్తారు.

డబ్బు లెక్క

గ్లోబల్ గ్రాంట్ బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. ఇది ఎక్కడి నుంచి వస్తుందో అర్థమైతే క్లబ్బుతో మాట్లాడటం సులువవుతుంది. రోటరీ జిల్లాల దగ్గర డీడీఎఫ్ (డిస్ట్రిక్ట్ డెసిగ్నేటెడ్ ఫండ్) అనే నిధి ఉంటుంది. స్పాన్సర్ జిల్లాలు దాంట్లోంచి పెట్టిన మొత్తానికి ఫౌండేషన్ వరల్డ్ ఫండ్ 80 శాతం కలుపుతుంది. రెండు జిల్లాలు కలిసి 16,700 డాలర్లు పెడితే 13,360 కలిసి 30,060 అవుతుంది. క్లబ్బు సభ్యులు చేతి నుంచి వేసిన నగదుకు ఈ కలుపుడు ఉండదు. అందుకే క్లబ్బులో అందరూ ఒప్పుకున్నా, జిల్లా డీడీఎఫ్ ఇవ్వకపోతే లెక్క తేలదు.

బడ్జెట్‌లో ట్యూషన్ ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు, పాస్‌పోర్టు, వీసా, రానూపోనూ టికెట్ వేయొచ్చు. చిన్న చిన్నవి మరచిపోతే చివర్లో మీదే భారం. ఉదాహరణకు బ్రిటన్ వెళ్లే విద్యార్థి వీసాతో పాటు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి. ఏడాది కోర్సుకు వీసా ఏడాది మీద నాలుగు నెలలు ఇస్తారు కాబట్టి ఆ మిగులుకు మరో సగం కలిసి 1,164 పౌండ్లు అవుతుంది. గ్రాంట్ చాలకపోతే మిగతాది ఎక్కడి నుంచి తెస్తారో కాగితం మీద చూపించండి.

వ్యాసం: మన జిల్లా గురించే రాయండి

దరఖాస్తును నిలబెట్టేదీ పడగొట్టేదీ ఇదే. "ప్రపంచ శాంతికి పాటుపడాలన్నది నా చిన్ననాటి కల" అని మొదలెడితే, చదివేవాళ్లకు మీ గురించి ఏమీ తెలియదు. పాలస్తీనా గురించి రాయాలనిపించడం సహజమే, కానీ మీకు దగ్గరగా తెలిసిన గొడవ మీద రాస్తే బలం వేరు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. ఎర్రచందనం దుంగ ఎవరికి లాభం, గొడ్డలి పట్టిన కూలీకి మిగిలేదెంత, అతన్ని కొండ ఊరి నుంచి తీసుకొచ్చే మేస్త్రీ ఎవరు, ఇవతల అటవీ సిబ్బంది పడే భయం ఏమిటి, ఇవన్నీ సంఘర్షణ అధ్యయనంలో అడిగే ప్రశ్నలే. కుప్పం వైపు వాళ్లయితే పాలారు నది ఉంది. 1892 నాటి మద్రాసు, మైసూరు ఒప్పందం దగ్గర మొదలై, చెక్‌డ్యాముల మీద ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పలమనేరు రైతుకు ఏనుగుల సమస్య ఉంది.

వ్యాసంలో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి: ఆ గొడవలో మీరు చూసింది లేదా చేసింది, దాన్ని అర్థం చేసుకోవడానికి మీకు ఇంకా రాని నైపుణ్యం, ఆ నైపుణ్యం నేర్పే పేపరు పేరు. స్వచ్ఛంద సంస్థలో పనిచేశానని రాస్తే, ఎన్ని పంచాయతీల్లో, ఎన్ని నెలలు, ఏం మారిందన్నది చెప్పండి. ఎవరినో దోషిగా నిలబెట్టే రాత వద్దు. రెండు పక్షాల మాటా న్యాయంగా చెప్పగలరా అన్నదే ఈ చదువుకు అసలు పరీక్ష.

కాగితాలు

ఎస్వీయూ లేదా పద్మావతి మహిళా యూనివర్సిటీ విద్యార్థులైతే ట్రాన్‌స్క్రిప్ట్‌లకు పరీక్షల విభాగంలో ముందుగానే దరఖాస్తు పెట్టండి, చివరి వారంలో పరుగులు పెడితే దొరకవు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. అడ్మిషన్ లెటర్‌కూ టికెట్‌కూ వీసాకూ ఒకే పేరు ఉండాలి. సిఫారసు లేఖలు పదవి పెద్దవాళ్ల నుంచి కాకుండా మీ పని చూసినవాళ్ల నుంచి తీసుకోండి. వాళ్లకు మీ వ్యాసం ముసాయిదా ఇస్తే లేఖ పొడిపొడిగా రాదు.

చివరి దశ

యూనివర్సిటీ అడ్మిషన్ లెటర్ చేతికొచ్చాకే దరఖాస్తు పూర్తవుతుంది. కాబట్టి యూనివర్సిటీకి నవంబరు, జనవరి మధ్యే అప్లై చేయండి. విదేశీ ప్రయాణం ఉన్న గ్రాంట్ కాబట్టి బయలుదేరడానికి కనీసం 90 రోజుల ముందు రెండు స్పాన్సర్లూ ఆన్‌లైన్‌లో సమర్పించి ఉండాలి. ఏప్రిల్‌లోనే పెట్టేస్తే, ఫౌండేషన్ అడిగే వివరణలకు జవాబివ్వడానికి వ్యవధి ఉంటుంది. బ్రిటన్ అయితే టీబీ పరీక్ష సర్టిఫికెట్ కూడా కావాలి, మనకు దగ్గర చెన్నై. ఆ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, మరీ ముందుగా చేయించుకోవద్దు.

గ్రాంట్ మంజూరు కాకముందు చేసిన ఖర్చును ఫౌండేషన్ తిరిగి ఇవ్వదు. టికెట్ చౌకగా దొరికిందని ముందే కొంటే ఆ డబ్బు మీదే. సీటు డిపాజిట్ గడువు ముంచుకొస్తే, యూనివర్సిటీకి రాసి గడువు పెంచమని అడగండి, స్కాలర్‌షిప్ ఫలితం రావాలని స్పాన్సర్ క్లబ్బు లేఖ జతచేయండి.

విదేశం కుదరకపోతే ఢిల్లీ జామియా మిలియాలో, సిక్కిం యూనివర్సిటీలో, గువాహటి టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఈ రంగంలో ఎంఏ ఉంది. వాటికి గ్లోబల్ గ్రాంట్ వర్తించదు, కానీ రోటరీ జిల్లా గ్రాంట్ అనే చిన్న నిధి నుంచి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అదే క్లబ్బును, అదే నోట్‌తో, ఈ ప్రశ్న కూడా అడగండి.