పైన బరువుండే చిన్న పడవ కడుతున్నారా, ముందు ఈ లెక్క చూసుకోండి

చిన్న పడవ మీద క్యాబిన్, దాని మీద కూర్చోడానికి ఇంకో డెక్, ఆపైన సోలార్ ప్యానెళ్లు, ఇలా ప్లాన్ చేస్తుంటే ముందు ఒక పట్టిక రాసుకోండి, ఏ వస్తువు ఎంత బరువు, పడవ అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉంది అని. ప్రతి బరువునీ దాని ఎత్తుతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే సెంటర్ ఆఫ్ గ్రావిటీ, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు, దాని ఎత్తు వచ్చేస్తుంది. మనుషుల్ని కూడా లెక్కేయండి, వాళ్లు కదులుతారు, పైకెక్కుతారు, ఏదైనా కనిపిస్తే అందరూ ఒకే పక్కకి పోతారు.

పడవ కొద్దిగా ఒరిగినప్పుడు నీళ్లు పైకి తోసే బలం గీత పడవ మధ్యగీతని కలిసే చోటు మెటాసెంటర్. ఈ సెంటర్ ఆఫ్ గ్రావిటీ దానికి కిందే ఉండాలి, రెండిటి మధ్య దూరాన్ని జీఎం అంటారు, అది సున్నాకి దగ్గరైతే పడవ నిటారుగా నిలబడదు. మెటాసెంటర్‌ని పైకి లేపేది ముఖ్యంగా వెడల్పు, అదీ దాని ఘనం (వెడల్పు × వెడల్పు × వెడల్పు) లెక్కన. 6 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, పెట్టెలాంటి అడుగు, అన్నీ కలిపి 1500 కిలోలు అనుకోండి, మెటాసెంటర్ అడుగు నుంచి 2.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వెడల్పు 1.5 మీటర్లకి తగ్గించారా, అదే 1.2 మీటర్లకి పడిపోతుంది! సెంటర్ ఆఫ్ గ్రావిటీ 1.1 మీటర్ల దగ్గరుంటే మొదటి పడవకి 1.6 మీటర్ల జీఎం, రెండోదానికి 10 సెంటీమీటర్లే మిగిలింది. అందుకే ఎక్కడ తగ్గించినా వెడల్పు మాత్రం తగ్గించొద్దు అంటాను.

అలాగని వెడల్పు ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, ఆ 2 మీటర్ల పడవకి అంచు నీళ్ల పైన 30 సెంటీమీటర్లే ఉంటే దాదాపు 17 డిగ్రీలు ఒరిగేసరికి అంచు మునుగుతుంది, ఓపెన్ పడవైతే అక్కడితో నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. ఎత్తైన క్యాబిన్ గోడకి గాలి కూడా గట్టిగా తగులుతుంది.

నీళ్ల ట్యాంక్ సగం నిండి ఉంటే ఒరిగిన పక్కకే నీళ్లూ పోయి ఇంకా ఒరగదీస్తాయి, పొడవునా మధ్యలో ఒక అడ్డుగోడ పెడితే ఆ ప్రభావం నాలుగో వంతుకి తగ్గుతుంది. అడుగున చేరిన నీళ్లదీ ఇదే కథ, ఎప్పటికప్పుడు తోడేయండి.

కట్టాక లోతులేని, గాలి లేని నీళ్లలో టెస్ట్ చేయండి. 70 కిలోల ఇసుక బస్తాల్ని 80 సెంటీమీటర్లు పక్కకి జరిపి, మీటర్ దారానికి కట్టిన గుండు ఎంత జరిగిందో చూడండి. మొత్తం 1500 కిలోలైతే, 5 సెంటీమీటర్లు జరిగిందంటే జీఎం సుమారు 0.75 మీటర్లు (70 × 0.8ని 1500 × 0.05తో భాగిస్తే). 1628లో స్టాక్‌హోమ్‌లో వాసా అనే యుద్ధనౌక బయల్దేరేముందే 30 మంది ఇటూ అటూ పరిగెత్తి చూస్తే విపరీతంగా ఊగింది, అయినా పంపించారు, మొదటి ప్రయాణంలోనే మునిగింది. కాబట్టి టెస్ట్‌లో తేడా వస్తే ముందు పైనున్న బరువు దించండి, అడుగున బ్యాలస్ట్ (నిలకడ కోసం పెట్టే బరువు) వేయడం తర్వాత, ఎందుకంటే దాంతో పడవ ఇంకా దిగి అంచు నీళ్లకి దగ్గరవుతుంది.