నాన్న తద్దినం ఏ రోజు? తిథి తప్పకుండా పట్టుకోవడం

నాన్న పోయిన తేదీ ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. తిథి అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే దినవారాలు అవుతుండగానే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి: మాసం, పక్షం, తిథి, ప్రాణం పోయిన సమయం, ఊరు. దాని కిందే గోత్రం, తాత, ముత్తాతల పేర్లు, వాళ్ల భార్యల పేర్లు కూడా. అవి చెప్పగలిగే పెద్దవాళ్లు ఉండగానే అడిగేయండి.

మరణ ధ్రువపత్రంలో తిథి ఉండదు. ఆసుపత్రిలో పోతే వాళ్లిచ్చే కాగితాల్లో సమయం ఉంటుంది, దాని నకలు దాచుకోండి.

ఎక్కువమంది పొరబడేది గోడ క్యాలెండర్ దగ్గర. అందులో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. 'ఏకాదశి ఉ. 9.40 వరకు' అని ఉండి, ఆయన పదకొండింటికి పోతే అది ద్వాదశి. ఒక్కో తిథి సుమారు 19 నుంచి 26 గంటల దాకా నడుస్తుంది కాబట్టి అర్ధరాత్రితో దానికి పని లేదు. అమెరికాలో ఉన్న కొడుకులు ఇంకో తప్పు చేస్తారు. ఫోన్ వచ్చినప్పుడు తమ గడియారంలో ఎంతైందో అదే రాసుకుంటారు. నాన్న పోయిన ఊళ్లో ఎంతైందో అదే లెక్క. న్యూయార్క్‌కీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. తిథి మారిపోవడానికి అది చాలు.

ఇక తద్దినం ఏ రోజు పెట్టాలి? పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గుంకితే అది మధ్యాహ్నం 1.12 నుంచి 3.36 వరకు. ఆ వేళకు మీ తిథి ఏ రోజు ఉంటే ఆ రోజే ఆబ్దికం. రెండు రోజులూ తగిలినా, రెండు రోజులూ తగలకపోయినా పురోహితుణ్ణి అడగాల్సిందే. ఇక్కడ మాత్రం మీరుండే ఊరి పంచాంగం చూడాలి. యాప్‌లో ఊరు హైదరాబాదని ఉంచేసి డాలస్‌లో తద్దినం పెడితే ఒక రోజు అటూ ఇటూ అయ్యే ప్రమాదం ఉంది.

చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి తిథి ఏటా దాదాపు పదకొండు రోజులు ముందే వస్తుంది. అధికమాసం వస్తే మళ్లీ వెనక్కి పోతుంది. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం వచ్చాయి. చాలా ఇళ్లలో అధికమాసం తర్వాత అదే పేరుతో వచ్చే నిజ మాసంలోనే పెడతారు, కొన్ని ఇళ్లలో రెండింటిలోనూ. మొదటి ఏడాదిలోనే అధికమాసం పడితే నెలనెలా పెట్టే మాసికం ఒకటి పెరుగుతుంది.

మాసం తెలిసి తిథి తెలియకపోతే ఆ నెల అమావాస్య. ఏదీ తెలియకపోతే మహాలయ అమావాస్య, అంటే భాద్రపద మాసం చివర వచ్చేది. తెలంగాణలో దాన్నే పెత్రమాస అంటారు, పెద్దలకు బియ్యం ఇస్తారు. తద్దినం రోజుకి పురుడో మైలో తగిలితే అది తీరాక పెడతారు.

వంట ఇంటింటికీ వేరు. అమ్మనో మేనత్తనో అడిగి ఆ కాగితం వెనకే రాసుకోండి. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. చాలా ఇళ్లలో ఎండుమిర్చి బదులు మిరియాలు వాడతారు. టమాటా, క్యాబేజీ, బంగాళాదుంప వండరు. అరటికాయ, కంద, చేమ, కాకర వండుతారు. గారెలు, పరమాన్నం, నువ్వుల పచ్చడి ఉండాల్సిందే. అరకిలో మినప్పప్పుకి మధ్యరకం గారెలు 35 దాకా వస్తాయి. పప్పు నాలుగు గంటలు నానితే చాలు. నీళ్లు చిలకరించుకుంటూ గట్టిగా రుబ్బాలి, పిండి జారైతే నూనె తాగేస్తుంది. ఉప్పు ముందే కలిపినా జారవుతుంది, వేయబోయే ముందు కలపండి. రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు చేతి అంచనాకి వదలొద్దు, అరకిలోకి రెండు టీస్పూన్లు కొలిచి వేయండి.

అన్నదమ్ముల మధ్య 'తేదీకా, తిథికా' అనే పేచీ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. రెండూ పెట్టుకోవచ్చు. తిథికి తద్దినం, తేదీకి ఫోటోకి దండ. ఆయనకి బంగాళాదుంప వేపుడంటే ప్రాణమైతే, అది తేదీ రోజున వండుకోండి.