ఆస్ట్రేలియా వెళ్లాలనుకునే మైనింగ్ ఇంజనీర్లూ, సీడీఆర్ మీరే రాసుకోండి

సింగరేణిలోనో ఎన్‌ఎండీసీలోనో చేస్తూ ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాస వీసా) కోసం హైదరాబాద్‌లో కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నారా? డబ్బు కట్టే ముందు మీ డిగ్రీ సంగతి చూసుకోండి. మన దేశానికి 2014లో వాషింగ్టన్ అకార్డ్‌లో (ఇంజనీరింగ్ డిగ్రీల్ని దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందం) పూర్తి సభ్యత్వం వచ్చింది. మీరు పాసైన ఏడాదికి మీ బీటెక్‌కి ఎన్‌బీఏ (మన జాతీయ గుర్తింపు బోర్డు) టైర్-1 గుర్తింపు ఉంటే సీడీఆర్, అంటే మీ ఇంజనీరింగ్ సామర్థ్యం చూపించే రిపోర్టు, అవసరమే రాకపోవచ్చు.

లేకపోతే మన అర్హతల్ని పరిశీలించే అక్కడి సంస్థ ఇంజనీర్స్ ఆస్ట్రేలియాకి సీడీఆర్‌లో మూడు కెరీర్ ఎపిసోడ్లు (మీరు చేసిన పనుల గురించిన వ్యాసాలు) పంపాలి, ఒక్కోటి 1000 నుంచి 2500 పదాలు. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. "గనిలో రూఫ్ సపోర్ట్ పనులు చేపట్టారు" అని కంపెనీ రిపోర్టులా రాసేస్తారు. అది పనికిరాదు. "పైకప్పు ఆర్‌ఎంఆర్ (రాతి నాణ్యత చెప్పే అంకె) నేను లెక్కగట్టాను, రాయి బలహీనంగా ఉందని తేలాక రూఫ్ బోల్టుల మధ్య దూరం తగ్గించాను" అన్నట్టు మీ లెక్క, మీ నిర్ణయం కనబడాలి. అది గనిలో దిగిన మీకు తెలుస్తుంది గానీ అమీర్‌పేటలో కూర్చుని రాసిచ్చేవాళ్లకి ఎలా తెలుస్తుంది? పైగా కాపీ అని తేలితే అప్లికేషన్ తిరస్కరించడమే కాదు, కొంతకాలం మళ్లీ పెట్టుకోనివ్వరు కూడా.

ఇంకోటి, డీజీఎంఎస్ (మన గనుల భద్రతా డైరెక్టరేట్) ఇచ్చే ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అక్కడ గని మేనేజర్‌గా చేయనివ్వరు. దానికి అక్కడ మీరు పనిచేసే రాష్ట్రం ఇచ్చే అర్హత వేరే తెచ్చుకోవాలి.